మొటిమల గోలీ, మెతుకు దిగని వారం

టీ మొదటి గుటక నోట్లో బాగానే ఉంది. గొంతులోనూ బాగానే ఉంది. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ, రొమ్ముల నడుమ ఎముక వెనక, ఎవరో చేయి అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది. ఆ వెంటనే అక్కడ నిప్పు రాజుకుంది. నేను గ్యాస్ గట్టు పట్టుకుని నిలబడిపోయాను. నా రెండో చేతిలో మా చిన్నోడు చింటూ యూనిఫాం చొక్కా ఉంది. బయట గ్యాలరీలో పంపునీళ్ళు వచ్చాయని బకెట్ల చప్పుడు, ఆడవాళ్ళ కేకలు. అవన్నీ ఒక్కసారిగా దూరమైపోయాయి. నాకు వచ్చిన మొదటి ఆలోచన నొప్పి గురించి కాదు. వాడికి ఇంకా గుండీలు పెట్టుకోవడం రాదు, ఈ చొక్కా ఇక ఎవరు తొడుగుతారు అనుకున్నాను.

ఇప్పుడు ఆ నొప్పి లేదు. దసరా దగ్గర పడింది, కింద వీధిలో మైకులు కడుతున్నారు. నేను కడుపు నిండా తిని, అందరూ పడుకున్నాక ఫోన్ వెలుగులో ఇది రాస్తున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని కొంత. మొటిమలకు గోలీలు మింగుతున్న వాళ్ళెవరైనా చదివితే నేను పడ్డ భయం వాళ్ళు పడకుండా ఉంటారని కొంత. నేను డాక్టరును కాను. పాలమూరులో బీకాం చదివాను, పెళ్ళయి బొంబాయి కామాటిపురాలో, గదికో సంసారం ఉండే ఈ చాల్‌కి వచ్చాను, ఇద్దరు పిల్లల తల్లిని, ప్రతిదానికీ భయపడతాను. నా అర్హతలు ఇవే.

వానలు ముసురుపట్టిన రోజులు

ముప్ఫై దాటాక మొటిమలేమిటని అందరూ నవ్వారు. చింటూ పాలు మానేసిన కొన్నాళ్ళకు దవడ కింద గట్టి గడ్డల్లా మొదలయ్యాయి. గిల్లితే పోయేవి కావు. దిండు తగిలితే ప్రాణం లేచి వచ్చేది. చింటూ వచ్చి చెంపకు చెంప ఆనిస్తే నేను ఉలిక్కిపడి వెనక్కి తగ్గేదాన్ని. వాడు కొన్నాళ్ళకు ఆనించడం మానేశాడు. అప్పుడు వెళ్ళాను చర్మం డాక్టరు దగ్గరికి.

ఆవిడ డాక్సీసైక్లిన్ కాప్సూల్ రాశారు, రోజుకొకటి. కడుపుతో లేరు కదా అని రెండుసార్లు అడిగారు. ఎండలో జాగ్రత్త అన్నారు. నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు అన్నారు. అన్నీ విన్నాను. ఇంటికొచ్చి డబ్బాలో మడతపెట్టిన కాగితం తీసి చీమల్లాంటి అక్షరాలన్నీ చదివాను. తలనొప్పితో పాటు చూపు మసకబారితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ఉంది. ఆ రోజంతా గోడ మీద క్యాలెండరు మసకగా కనబడింది. ఆ కాగితంలో ఉన్న ప్రతి జబ్బూ నాకు ఒక్కో పూట వచ్చి పోయింది. నిజంగా వచ్చింది మాత్రం ఒక్కటే. వాన ఆగి ఎండ కాసిన రోజు పిల్లల్ని బడిలో దింపి వచ్చేసరికి నా ముక్కు టమాటాలా ఉంది.

ఆ వానాకాలం మా అంతస్తులో మొటిమలకు గోలీలు మింగేవాళ్ళం ముగ్గురం. నేను, మా ఆడబిడ్డ సునీత, పక్క గదిలో, ఇక్కడి మాటలో ఖోలీలో, ఉండే లక్ష్మక్క కూతురు పూజ. సునీత నాగ్‌పాడాలో మొబైల్ షాపులో పనిచేస్తుంది, మాతోనే ఉంటుంది. పూజ కాలేజీలో చదువుతోంది. ముగ్గురికీ ముగ్గురు డాక్టర్లు, మూడు రకాల గోలీలు. సాయంత్రం గ్యాలరీలో బట్టలు తీసేటప్పుడు మాకు అదే ముచ్చట.

"నాకైతే ఎండలో అడుగు పెడితే ముఖం మండుతోంది" అన్నాను నేను ఒకరోజు.

"నువ్వే నయం వదినా" అంది సునీత. తను మింగేది మినోసైక్లిన్. "నాకు నిన్న గ్రాంట్ రోడ్ బ్రిడ్జి మెట్ల మీద తల గిర్రున తిరిగింది. మెట్లే లేచి నా మీదికొస్తున్నయ్ అనిపిచ్చింది. పక్కన ఎవరో ముసలాయన పోతుంటె ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్న. 'ఛోడో బేటీ' అంటడు ఆయన, నేను వదుల్త లేను."

పూజ నోరు తెరవకముందే లక్ష్మక్క అందుకుంది. "మీ ఇద్దరివి ఏం కష్టాలే? మా పూజకు అజిత్రో ఏందో ఇచ్చిండు గద, గది మింగిన దినం సండాసు లైన్ల నిలవడి 'ఎమర్జెన్సీ, ఎమర్జెన్సీ' అని అందరిని జరిపి ముందుకు ఉరికింది. గిప్పుడు మూడో అంతస్తోళ్ళు దీన్ని ఎమర్జెన్సీ అనే పిలుస్తున్నరు."

"అమ్మా!" అని పూజ తడి తువ్వాలు తల్లి మీదికి విసిరింది.

మా అత్తమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది. "ఒకదానికి ముక్కు కాలె, ఒకదానికి తల తిరిగె, ఒకదానికి కడుపు జారె. ముగ్గుర్ల ఎవ్వతి మొఖం మంచిగైందో గది చెప్పుండ్రి ముందు."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిజానికి ముగ్గురికీ కాస్త కాస్త తగ్గుతోంది. ఆ మాట చెబుదామంటే నవ్వు ఆగలేదు.

గ్యాలరీలో చెప్పుకోలేనిది ఒకటుంది. సునీత నాతో గది మూల గిన్నెలు కడిగే మోరీ దగ్గర, పంపు విప్పి ఆ చప్పుడులో చెప్పింది. ఆడవాళ్ళకు వచ్చే దురద. సిగ్గుతో ఊరికే ఉండిపోయిందట. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఈ మందులతో అది చాలామందికి వచ్చేదేనని మామూలుగా చెప్పి మందు రాశారు. ఎవరికైనా ఉంటే దాచుకోవద్దనే ఇక్కడ రాస్తున్నాను.

గణపతి వెళ్ళిపోయిన వారం

టీ గుటక ఆగిన పొద్దున ఆ వారంలోనిదే. మా ఆయన సెక్యూరిటీ సూపర్‌వైజరు, నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు.

"ఏమైందే స్వప్నా? మొఖం గట్లెందుకైంది?" అంది అత్తమ్మ.

నేను ఛాతీ చూపించాను. ఆమె నీళ్ళు తాగించింది. నీళ్ళూ అక్కడే ఆగి మంట లేచింది. అత్తమ్మ ముప్ఫై ఏళ్ళు కట్టడం పనుల్లో సిమెంటు తట్టలు మోసిన మనిషి. పనిలో ఎవరు కూలబడినా ముందు లేచేది తానేనని చెబుతుంటుంది. లక్ష్మక్కను కేకేసి పిల్లల్ని అప్పగించింది, నా చేయి పట్టి మెట్లు దింపింది, టాక్సీ ఆపింది. గుండె అనే మాట ఆమె అనలేదు, నేను అనలేదు. డ్రైవరుతో మాత్రం "భయ్యా, జల్దీ చలో, ఇస్కే దో ఛోటే బచ్చే హై" అంది. ఇద్దరు చిన్నపిల్లలున్నారన్న ఆ మాటతో ఆమె కూడా గుండె అనే అనుకుంటోందని నాకు అర్థమైంది.

ఆసుపత్రిలో ఈసీజీ గది ముందు పెద్ద వరుస. బల్ల మీద నా పక్కన బురఖాలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నా వైపు చూసి, అత్తమ్మను ఏమిటని అడిగింది. ఛాతీ నొప్పి అని వినగానే లేచి, లోపలికి తన పేరు పిలిచినప్పుడు నన్ను ముందుకు నెట్టింది. "మేరా తో రోజ్ కా హై, తూ జా" అంది, తనది రోజూ ఉండేదేనని. నేను బయటికొచ్చే వరకు నా చెప్పులు తన కాళ్ళ దగ్గర పెట్టుకుని కాపలా ఉంది. ఆవిడ పేరు అడగలేకపోయాను.

గుండె బాగానే ఉందన్నారు. ఆ మాట విని నేను ఏడ్చాను. నొప్పి మాత్రం అలాగే ఉంది. గుండె కాకపోతే మరేమిటి? అప్పుడు ఇంకో కొత్త భయం. మా ఊళ్ళో అన్నవాహికలో పుండై నెలల తరబడి ఎండిపోయిన ఒకామె గుర్తొచ్చింది.

డాక్టరు చిన్నపిల్ల, మరాఠీ అమ్మాయి. మింగితే ఎక్కువవుతోందా అని అడిగింది. అవునన్నాను. ఏ మందులు వాడుతున్నారని అడిగింది. చెప్పాను.

"ఆఖరిది ఎప్పుడు వేసుకున్నారు?"

"నిన్న రాత్రి."

"ఎన్ని నీళ్ళతో?"

నేను "థోడా" అన్నాను.

"థోడా మత్లబ్?"

కొంచెమంటే ఎంతో చెప్పకుండా కొంగు సర్దుకున్నాను. పక్కన అత్తమ్మ ఉంది. "చెప్పవేందే? డాక్టరమ్మ అడుగుతుంది గద" అంది.

జరిగింది ఇది. మా ఆయన చుట్టాలబ్బాయిలు ఇద్దరు పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చారు. వేరే ఖోలీ దొరికేదాకా మా దగ్గరే పడుకుంటున్నారు. మాది ఒకటే గది. పరుపులు పరిచాక నేల కనిపించదు. నాది లోపలి గోడ పక్క చోటు. మంచినీళ్ళ డ్రమ్ము తలుపు పక్కన. రోజూ అన్నం తిన్నాక కాప్సూల్ వేసుకునేదాన్ని. ఆ రాత్రి చుట్టాల హడావిడిలో మరిచిపోయి, లైటు తీసి పడుకున్నాక గుర్తొచ్చింది. తల దగ్గర పెట్టుకున్న సీసా చింటూ ఖాళీ చేసేశాడు. డ్రమ్ము దాకా వెళ్ళాలంటే పిల్లల్ని దాటాలి, సునీతను దాటాలి, అత్తమ్మను దాటాలి. పడుకున్న మనిషిని మేము దాటం. పిల్లల్ని దాటితే ఎదుగుదల ఆగిపోతుందంటారు. పొరపాటున దాటితే వచ్చిన దారినే వెనక్కి దాటాలి. ఇక పెద్దవాళ్ళ మీదుగా కాలు వేయడమంటే ఊహకే రాదు. డిగ్రీ చదివినదాన్నే, కానీ నా కాలు లేవదు. కాప్సూల్‌ను ఉమ్మితో మింగేసి పడుకున్నాను. లోపల ఎక్కడో తట్టుకున్నట్టయింది. పొద్దునకు పోతుందిలే అనుకున్నాను.

ఇదంతా డాక్టరుకు హిందీలో చెప్పాను, అత్తమ్మ వైపు చూడకుండా. అంత పెద్ద చదువు చదివిన అమ్మాయి నన్ను చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆమె పెన్ను కింద పెట్టి నవ్వేసింది.

"మా ఆజీ, అంటే నానమ్మ, కూడా దాటనిచ్చేది కాదు. నేను ఇప్పటికీ మా తమ్ముణ్ణి లేపి పక్కకు జరిపి వెళ్తాను" అంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. కాప్సూల్ దిగకుండా అన్నవాహికకు అతుక్కుని అక్కడే కరిగింది, చోటు కాలింది. ఆ మందు ఆపేయాలి. ద్రవం మందు, ఒక గోలీ ఇస్తాను. చాలామందికి కొద్ది రోజుల్లో మానిపోతుంది. నీళ్ళు కూడా దిగకపోయినా, వాంతిలో రక్తం కనబడినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. వారానికి తగ్గకపోతే నోట్లోంచి గొట్టం వేసి చూడాలి.



మెతుకు దిగని వారం

గొట్టం అన్న మాట నా తలలో ఉండిపోయింది. ప్రతి గుటకనూ పరీక్ష పెట్టుకున్నాను. ఉమ్మి మింగినా నొప్పే. మా ఆయన వచ్చి విషయం విని భయంతో కోపం తెచ్చుకున్నాడు.

"ఇద్దరు పిల్లల తల్లివి, మొటిమల కోసం పానం మీదికి తెచ్చుకుంటవా?"

నేను జవాబు చెప్పేలోపు అత్తమ్మ లేచింది. "దానికి నొస్తదిరా. నీకు పోయిన ఏడు ముక్కు మీద కురుపైతే ఇల్లంత లేపినవ్, యాదున్నదా? బొంబాయంత వినవడ్డది."

మా ఆయన నోరు మూసుకుని నాకు ఐస్‌క్రీమ్ తేవడానికి కిందికి వెళ్ళాడు. చల్లనివీ పలచనివీ తీసుకోవచ్చని డాక్టరు చెప్పింది. ఆ కబురు గ్యాలరీ మొత్తం పాకింది. లక్ష్మక్క సబ్జా నీళ్ళు తెచ్చింది. పూజ కుల్ఫీ తెచ్చింది. చుట్టాలబ్బాయిలు పని నుంచి వస్తూ, ఏం తేవాలో తెలియక, నాలుగు లస్సీలు తెచ్చి గడపలో పెట్టి పారిపోయారు. మూడో రోజున చింటూ గొంతు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మమ్మీ, నాక్కూడ గోలీ ఇరుక్కుంది."

"ఏ గోలీ రా?"

నా చేతిలోని కుల్ఫీ వైపు చూశాడు. "కుల్ఫీ తింటే పోయే గోలీ."

నవ్వితే ఛాతీలో పొడిచినట్టయింది. అయినా నవ్వాను.

రెండు సంగతులు మాత్రం నవ్వనివ్వలేదు. ఒకటి, అత్తమ్మ ఆ రాత్రి నుంచే చాప తీసుకుని గ్యాలరీలో పడుకుంటోంది. లోపల ఉక్క అంది. వాన పడుతుంటే ఉక్క ఏమిటి? నా దారికి తాను అడ్డంగా పడుకున్నానని ఆమె మనసులో పడిపోయిందని నాకు తెలుసు. ఎలా కదిలించాలో తెలియలేదు.

రెండో సంగతి మా కూతురు సిరి. దానికి ఏడేళ్ళు. నేను ప్రతి గుటకకూ కళ్ళు గట్టిగా మూసుకోవడం అది తలుపు పక్కన నిలబడి చూసేది. "దుఖ్తయ్ కా?" అని మరాఠీలో నొప్పిగా ఉందా అని అడిగేది. లేదని అబద్ధం చెప్పేదాన్ని. ఒకరోజు బడి నుంచి దాని టిఫిన్ డబ్బా నిండుగా తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఇంట్లో చూస్తే ముద్దను నమిలి నమిలి బుగ్గలో దాచుకుంటోంది, మింగడం లేదు.

"ఎందుకే?"

"నీలాగ నాకూ మధ్యల ఆగిపోతది."

నా నొప్పిని భరించగలను, కానీ నా భయం దాని గొంతులోకి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. ఆ రోజు నుంచి నాకు గొట్టం గురించిన భయం చిన్నదైపోయింది. నేను మానడం కన్నా సిరి మళ్ళీ తినడం ముఖ్యమైపోయింది. ఒట్టి మాటలతో అది నమ్మదు. నేను తిని చూపించాలి.

మానుతున్న రోజులు

మెల్లగా మంట జారిపోవడం మొదలైంది. ముందు నీళ్ళు దిగాయి. తర్వాత గంజి. తర్వాత మజ్జిగలో పిసికిన మెత్తటి అన్నం. మళ్ళీ వెళ్తే ఆ మరాఠీ డాక్టరు గొట్టం అక్కర్లేదంది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను, ఆమె సిగ్గుపడింది.

చర్మం డాక్టరుకూ చూపించుకున్నాను, సునీతనూ తీసుకెళ్ళాను. మూడింటిలో ఏది మంచిదని అడిగాను. ఆవిడ నా ప్రశ్నకు తల అడ్డంగా ఊపారు. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు, అన్నింటికీ ఏదో ఒకటి ఉంటుంది, ఎక్కువమందికి అది చిన్నదిగా వచ్చి పోతుంది, తేడాగా ఉంటే మీరే ఆపేసి ఊరుకోకుండా వచ్చి చెప్పాలి, పక్కింటివాళ్ళ గోలీ మీరు మింగకూడదు. ఇంతే చెప్పారు. సునీతకు తల తిరుగుతున్నందుకు మందు మార్చారు. నాకు ప్రస్తుతానికి పూత మందులు చాలన్నారు. ఎప్పుడైనా మళ్ళీ అవసరమైతే పగటిపూట, కూర్చుని, నిండు గ్లాసుతో.

ఒక ఆదివారం సాయంత్రం అత్తమ్మ జొన్నరొట్టెలు చేసింది. నాకు పల్చగా, మెత్తగా ఒకటి వేరే చేసి, పప్పులో తడిపి ఇచ్చింది. అందరూ తినడం ఆపి నన్నే చూస్తున్నారు. చుట్టాలబ్బాయిలు కూడా. క్రికెట్ ఆఖరి ఓవరు చూసినట్టు.

నేను నమిలాను. మింగాను. అది దిగుతోంది. ఆగే చోటు దగ్గర పడుతోంది. నా కళ్ళు వాటంతట అవే మూసుకోబోయాయి, సిరి చూస్తోందని తెరిచే ఉంచాను. ఆ చోటు వచ్చింది. వెళ్ళిపోయింది. ఏమీ కాలేదు.

"పోయిందా?" అంది సిరి.

"పోయింది."

"ఎక్కడిదాక?"

దాని అరచేయి తీసి నా గొంతు మీద పెట్టుకున్నాను. ఇంకో ముక్క మింగుతూ ఆ చేతిని ఛాతీ మీదుగా పొట్ట దాకా జరిపాను. సిరికి చక్కిలిగింత పెట్టినట్టు నవ్వొచ్చింది. తన కంచంలోంచి ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. నా చేయి లాగి తన మెడ మీద పెట్టుకుని, గుటుక్కున మింగింది.

"నాది కూడ పోయింది!" అని అరిచింది.

మా ఆయన చప్పట్లు కొట్టాడు. సునీత ఈల వేసింది. పక్క ఖోలీ నుంచి లక్ష్మక్క "ఏమాయెనే, ఎవ్వలు గెల్చిన్రు?" అని గోడ మీద తట్టింది. సిరి రెండు రొట్టెలు తింది. నేను మూడు తిన్నాను.

గిన్నెలు కడిగేటప్పుడు అత్తమ్మ పక్కన కూర్చున్నాను. "అత్తమ్మా, ఆ గోలీ నా తొందర వల్ల ఇరుక్కుంది. నీ వల్ల కాదు" అన్నాను.

"నాకెర్కనే" అంది, గిన్నె తోముతూనే. "నువ్వు దాటలేదని నాకు బాధ లేదు. నన్నొక్క పిలుపు పిలుస్తె లేవకపోదునా? లేచి నేనే నీళ్ళు ముంచి ఇస్తుంటి గద. గంత పరాయిదాన్నైతినా?"

నాకు ఆ మాట ఆ రాత్రి తట్టనే లేదు. దాటడమా, మింగడమా అని రెండే దారులు చూశాను. పిలవడం అనే దారి ఉందని చూడలేదు. నేను తడిచేతులతోనే ఆమెను వాటేసుకున్నాను. "ఏయ్, సబ్బు, సబ్బు!" అని అరిచింది. ఆ రాత్రి చాప లోపలికి తెచ్చుకుంది. గ్యాలరీలో దోమలంట.

మర్నాడు పొద్దున బడికి బయల్దేరే ముందు పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నాకు నొప్పిగా లేదని మీకు అబద్ధం చెప్పాను. నొప్పిగా ఉండేది, భయం కూడా వేసింది. ఇప్పుడు పోయింది. మీకు రాత్రి దాహమైనా, ఎక్కడైనా నొచ్చినా, చీకట్లో ఒక్కరే పడుకుని ఓర్చుకోవద్దు. పిలవండి. పిలిస్తే లేవకపోతే, దాటుకుని వచ్చి లేపండి."

"నానమ్మను దాటొచ్చా?" అంది సిరి, గొంతు తగ్గించి.

మోరీలోంచి అత్తమ్మ కేకేసింది. "దాటుండ్రి, దాటుండ్రి! నేను ఇంక పెరిగేదేం లేదు."

"మరి పప్పాను?" అన్నాడు చింటూ.

"పప్పాను కూడా" అన్నాను. "పొట్ట మీద మాత్రం కాలు పెట్టకు, బొంబాయంతా లేస్తుంది."